పెద్ద పీస్ కాదు, పట్టున్న పీస్: క్లాసికల్ గిటార్ సీటు మీద మీ ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గిటార్ మీదే కాబట్టి కాలమ్ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా. ముందే ఒక మాట, ఇక్కడ గిటార్ అంటే సినిమా పాటకి కార్డ్స్ కొట్టేది కాదు, నైలాన్ తీగలు వేసి, పిక్ లేకుండా వేళ్లతో, గోళ్లతో మీటుతూ స్టాఫ్ నొటేషన్ (అయిదు గీతల మీద రాసే వెస్టర్న్ స్వరలిపి) చూసి వాయించే క్లాసికల్ గిటార్.

ప్రశ్న: మేం ఫ్రిస్కోలో ఉంటాం. మా బాబు ఇప్పుడు లెవెన్త్ గ్రేడ్. మిడిల్ స్కూల్లో సరదాగా ఎలెక్టివ్ తీసుకున్న క్లాసికల్ గిటార్, ఇప్పుడు అదే మేజర్ చేస్తా అంటున్నాడు. మా సర్కిల్లో అందరి పిల్లలూ కంప్యూటర్ సైన్సే, ఎవర్ని అడగాలో కూడా తెలీట్లేదు. అసలు అప్లికేషన్ ఎలా ఉంటుంది, ఆడిషన్లో ఏం వాయించాలి? – ఒక అమ్మ, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: అమ్మా, మీకు తెలీకుండానే మంచి చోట ఉన్నారు. మీ ఇంటి నుంచి కారులో వెళ్లేంత దూరంలో డెంటన్‌లో యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్ ఉంది, అమెరికాలో పెద్ద మ్యూజిక్ కాలేజీల్లో అదొకటి, అక్కడ గిటార్ ఉంది. ఆస్టిన్‌లో యూటీలో (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) కూడా ఉంది. జూలియార్డ్, పీబాడీ, ఈస్ట్‌మన్, శాన్ ఫ్రాన్సిస్కో కన్సర్వేటరీ, యూఎస్‌సీ థార్న్‌టన్ ఇవన్నీ పెద్ద పేర్లే, కాదన్ను, కానీ యూఎస్‌సీ లాంటి ప్రైవేట్ చోట ఏడాదికి ట్యూషన్ ఒక్కటే 60,000 డాలర్లు దాటిపోయింది, అది కూడా కళ్ల ముందు పెట్టుకుని లిస్ట్ రాసుకోండి.

ముందు తేదీల సంగతి. చాలా మ్యూజిక్ స్కూళ్లకి డిసెంబర్ 1 ఆఖరు తేదీ, కొన్నిచోట్ల ఇంకా ముందే, అంటే ట్వెల్త్ గ్రేడ్ మొదలైన మూడు నెలలకే అన్నమాట. మామూలు కాలేజ్ అప్లికేషన్ వేరు, మ్యూజిక్ వాళ్లది వేరు, రెండూ వెయ్యాలి, రెండు చోట్లా సీటు రావాలి, నార్త్ టెక్సస్‌లో కూడా అంతే. ఒకటి వేసి రెండోది మర్చిపోయే ఇళ్లు ప్రతి ఏడాదీ ఉంటాయి. పోటీ ఎక్కువున్న చోట అప్లికేషన్‌తో పాటే ప్రీస్క్రీనింగ్ అని వీడియోలు అడుగుతారు, అవి నచ్చితేనే జనవరి నుంచి మార్చి లోపు లైవ్ ఆడిషన్‌కి పిలుస్తారు. నన్నడిగితే అసలు ఆడిషన్ ఆ వీడియోనే. ఎక్కువమంది ఆగిపోయేది అక్కడే, పైగా దాన్నే నవంబర్ ఆఖరి వారంలో థ్యాంక్స్‌గివింగ్ సెలవుల్లో హడావిడిగా తీస్తారు.

వీడియో ఎలా తీయాలంటే, ఒక్కో పీస్ మధ్యలో కట్ లేకుండా ఒకే టేక్, రెండు చేతులూ మొహమూ కనపడాలి, ఎకో లాంటివి కలపకూడదు. ఫోన్ కెమెరా సరిపోతుంది, ఫోన్ మైక్ మాత్రం క్లాసికల్ గిటార్‌కి సరిపోదు, ఎందుకంటే అది గట్టిగా మీటిందీ మెల్లగా మీటిందీ ఒకే లెవెల్‌కి తెచ్చేస్తుంది, మీ వాడు కష్టపడి నేర్చుకున్న డైనమిక్స్ అంతా పోతాయి. ఒక చిన్న రికార్డర్ కొనండి లేదా అద్దెకి తెచ్చుకోండి. కార్పెట్ పరిచిన బెడ్రూమ్ వద్దు, సౌండ్ చచ్చిపోతుంది. టైల్స్ ఉన్న హాలు, చర్చి, గుడి కమ్యూనిటీ హాలు ఏదైనా ఖాళీగా దొరికితే అక్కడ తీయండి.

ఇక పీసులు. అండర్‌గ్రాడ్‌కి మామూలుగా అడిగేది వేర్వేరు కాలాలవి రెండు మూడు, ఒకటి రెనైసెన్స్ లేదా బరోక్, ఒకటి 19వ శతాబ్దంది, ఒకటి 20వ శతాబ్దం లేదా ఇప్పటిది, వీటితో పాటు ఒక ఎట్యూడ్ (సాధన కోసం రాసిన చిన్న పీస్), స్కేల్స్. బాహ్ దగ్గర నుంచి ఇ-మైనర్ ల్యూట్ సూట్‌లో బూరే అనే డాన్స్ ముక్క, 19వ శతాబ్దానికి సోర్ ఎట్యూడ్స్‌లో ఒకటి (గిటారిస్ట్ సెగోవియా ఏరి 1945లో వేసిన ఇరవైలోంచి తీసుకుంటే చాలు), ఇప్పటి కాలానికి విలా-లోబోస్ 1940 ప్రెల్యూడ్స్‌లో మొదటిది గానీ బ్రౌవర్ చిన్న ఎట్యూడ్స్ గానీ. ఇంత సింపులా అనుకుంటారు, కానీ సోర్ బీ మైనర్ ఎట్యూడ్‌లో పైన మెలడీ ఒక్కటీ తేలి, కింద ఆర్పెజియో (కార్డ్‌లోని స్వరాల్ని ఒక్కొక్కటిగా మీటడం) వెనక్కి ఉండేలా, బేస్ నోట్ దాని టైమ్ అయ్యేదాకా మోగేలా వాయించమనండి, ఎంత కష్టమో తెలుస్తుంది. ప్యానెల్లో కూర్చున్నవాళ్లకి మొదటి అరనిమిషంలో టోన్, రిథమ్ రెండూ తెలిసిపోతాయి, మిగతా టైమంతా వాళ్లు చూసేది ఈ పిల్లాడికి నాలుగేళ్లు పాఠం చెప్పగలమా అనే.

అందుకే నేను పోట్లాడేది రెండు పీసుల మీద. ఒకటి టారెగా ‘రెక్వెర్దోస్ దె లా అల్హంబ్రా’, రెండోది అల్బెనిస్ ‘అస్తూరియాస్’, అది రాసింది పియానోకి, మనవాళ్లు గిటార్‌ది అనుకుంటారు. రెండూ గొప్పవే. కానీ మొదటిదాంట్లో ట్రెమొలో (ఒకే తీగని వేళ్లు మార్చి వేగంగా మీటడం) ఒక్క వేలు దగ్గర తడబడినా వినపడుతుంది, ఆ రెంటినీ ఆ ప్యానెల్ ఆ రోజు పొద్దుట్నుంచీ వినే ఉంటుంది. మీ వాడికి అవి నిజంగా చేతిలో ఉంటే సరే, కజిన్ వీడియో చూసి ముచ్చటపడ్డదైతే వద్దు. నవంబర్‌లో మొదలెట్టిన పీస్ ఫిబ్రవరి ఆడిషన్‌కి పట్టుకెళ్లడం కొత్త చెప్పులేసుకుని నుమాయిష్ అంతా తిరగడం లాంటిది. ఏడాది నుంచీ చేతిలో నలిగిన పీస్, మీ వాడి స్థాయికి ఒక మెట్టు కిందదైనా పర్లేదు, అదే తీసుకెళ్లండి.

లైవ్ ఆడిషన్ పది పదిహేను నిమిషాలే. ఫుట్‌స్టూల్ మీరే పట్టుకెళ్లాలి. పీసులు చూడకుండా, బట్టీగా వాయించాలి. మొదటి పీస్ ఏదో చాలాసార్లు పిల్లల్నే ఎంచుకోమంటారు, గోళ్లూ చేతులూ వణికే ఆ నిమిషంలో బాహ్ వద్దు, నెమ్మదిగా ఉండేదేదో ముందు వాయిస్తే మంచిది. మధ్యలో ‘థ్యాంక్యూ చాలు’ అని ఆపేస్తే కంగారు పడొద్దని ముందే చెప్పండి, వాళ్లకి టైమ్ లేదంతే. తర్వాత సైట్ రీడింగ్ ఉండొచ్చు, ఎప్పుడూ చూడని నాలుగు లైన్లు పెట్టి వాయించమంటారు, గిటార్ పిల్లలు పడిపోయేది ఇక్కడే, పియానో వయొలిన్ పిల్లలంత బాగా మనవాళ్లు చదవలేరు. రోజూ పదే నిమిషాలు, తెలీని పుస్తకం, ఆగకుండా, తప్పు పోయినా వెనక్కి వెళ్లకుండా చదవమనండి. ఒక్కోసారి ప్రొఫెసర్ ‘ఈ ఫ్రేజ్ ఇంకొంచెం మెత్తగా వాయించు’ అంటారు, అది తిట్టు కాదు, చెప్పింది చెవికెక్కుతుందా లేదా అని చూడటం.

ఇంకొకటి, ఇది చాలామంది చెయ్యరు. ఈ ఎండాకాలంలోనే రెండు మూడు చోట్ల గిటార్ ప్రొఫెసర్లకి మెయిల్ పెట్టి ట్రయల్ లెసన్ అడగండి. కొందరు ఊరికే చెప్తారు, కొందరు ఫీజు తీసుకుంటారు. నాలుగేళ్లు వారం వారం ఒకే గదిలో ఒకే మనిషి ఎదురుగా కూర్చునే చదువు ఇది, కాలేజీ పేరు కన్నా ఆ మనిషితో కుదరడం ముఖ్యం.

ప్రశ్న: సార్, నాకు 19, హైదరాబాద్. ట్రినిటీ గ్రేడ్ 6 అయ్యింది, ఇంట్లో ఉన్నది స్టీల్ తీగల అకౌస్టిక్, క్లాస్‌కి వెళ్తే అక్కడి నైలాన్ గిటార్ వాడతా. గ్రేడ్ 8 పాసైతే లండన్‌లో సీటు ఖాయం అని ఫ్రెండ్స్ అంటున్నారు, నిజమేనా? – డిగ్రీ స్టూడెంట్, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: కాదు బాబూ. గ్రేడ్ 8 అంటే ఆడిషన్‌కి నిలబడే స్థాయి అని అనుకో, సీటు కాదు. గ్రేడ్ 6, 7, 8కి మామూలు యూనివర్సిటీ అప్లికేషన్లో యూకాస్ (బ్రిటన్ యూనివర్సిటీల ఉమ్మడి అప్లికేషన్ విధానం) పాయింట్లు వస్తాయి గానీ కన్సర్వటోయిర్ (సంగీత కాలేజీ) వాళ్లు నువ్వు వాయించేది విని తీసుకుంటారు. ఇంకో గందరగోళం కూడా తీర్చేస్తా, నీకు పరీక్ష పెట్టే ట్రినిటీ కాలేజ్ లండన్ వేరు, డిగ్రీ ఇచ్చే ట్రినిటీ లాబన్ వేరు, ఇందులో సర్టిఫికెట్ ఉంటే అందులో డోర్ తెరుచుకోదు.

రాయల్ అకాడమీ, రాయల్ కాలేజ్, మాంచెస్టర్‌లో రాయల్ నార్తర్న్, ఇలాంటి వాటికి యూకాస్ కన్సర్వటోయిర్స్ అనే విడి దారి ఉంది, ఆఖరు తేదీ చేరే ముందు ఏడాది అక్టోబర్ మొదట్లోనే, మామూలు యూకాస్ తేదీ చూసుకుని జనవరి దాకా కూర్చుంటే పోయినట్టే. గిల్డ్‌హాల్‌కి మాత్రం నేరుగా వాళ్లకే అప్లై చెయ్యాలి. విదేశాల వాళ్లు రికార్డింగ్ పంపొచ్చా లేదా అన్నది ఒక్కో స్కూల్ పేజీలో చూసుకో.

డబ్బు భారం అనిపిస్తే జర్మనీ వైపు చూడు. అక్కడి గవర్నమెంట్ మ్యూజిక్ హోక్‌షూలేల్లో (కాలేజీల్లో) చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదు, బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటి వాళ్లకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు. వైమర్, కొలోన్ లాంటి ఊళ్లలో గిటార్ క్లాసులకి మంచి పేరుంది. కానీ ఎంట్రన్స్ గట్టిగా ఉంటుంది, థియరీ, ఇయర్ ట్రైనింగ్ రాయాలి, జర్మన్ రావాలి.

ముందు మాత్రం ఆ స్టీల్ గిటార్ పక్కన పెట్టు. క్లాసికల్ గిటార్ మెడ నట్ (తీగలు ఆనుకునే పై అంచు) దగ్గర 52 మిల్లీమీటర్ల వెడల్పు, నీ అకౌస్టిక్ 43 చుట్టుపక్కల, ఇంట్లో ఇరుకు మెడ మీద సాధన చేసి క్లాసులో వెడల్పు దాని మీద వాయిస్తే ఎడమ చేతికి ఎప్పటికీ లెక్క కుదరదు, పైగా స్టీల్ తీగ గోళ్లని తినేస్తుంది. బిగినర్ యామహా సీ40 అయినా సరే ఇంట్లో ఉండాలి. ఆడిషన్ ఏడాదికి మాత్రం సాలిడ్ టాప్ (ప్లైవుడ్ కాని అసలు చెక్క పై పలక) ఉన్నదొకటి కావాలి, ప్లైవుడ్ టాప్ మీద ఎంత బాగా మీటినా రంగులు పలకవు.

ప్రశ్న: అమ్మాయి గిటార్లో డిగ్రీ అంటోంది, అమెరికా పంపితే తర్వాత ఉద్యోగం సంగతేంటి? సూటిగా చెప్పండి. – ఒక తండ్రి, విజయవాడ

జవాబు: సూటిగానే చెప్తా అండీ. స్టూడెంట్ వీసా మీద వెళ్తే చదువయ్యాక ఓపీటీ (పని చేసుకోవడానికిచ్చే అనుమతి) పన్నెండు నెలలే, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) వాళ్లకి దొరికే ఇంకో 24 నెలలు మ్యూజిక్ పెర్ఫార్మెన్స్‌కి ఉండవు. లోన్ తీసి పంపి అక్కడ సంపాదించి కడుతుందిలే అనే లెక్క దీనికి పనికిరాదు. స్కాలర్‌షిప్ లేకుండా పంపొద్దని నేనంటా, కోపం తెచ్చుకోకండి. టెక్సస్ పబ్లిక్ యూనివర్సిటీల్లో ఒక వెసులుబాటు ఉంది, పోటీలో గెలిచిన స్కాలర్‌షిప్ ఏడాదికి కనీసం 1,000 డాలర్లు ఉంటే బయటివాళ్లకి కూడా ఆ రాష్ట్రం వాళ్ల ట్యూషన్ రేటే వేసే అవకాశం ఉంటుంది, అందరికీ రాదు, పరిమితి ఉంది, కానీ అడగాలి. ఫిలడెల్ఫియాలో కర్టిస్ అనే మ్యూజిక్ స్కూల్ 1928 నుంచీ ఎవరి దగ్గరా ట్యూషన్ తీసుకోదు, 2011 నుంచి గిటార్ కూడా ఉంది, కాకపోతే తీసుకునేది వేళ్ల మీద లెక్కపెట్టేంతమందినే.

ఇంకో దారి బ్యాచిలర్ ఆఫ్ మ్యూజిక్ బదులు బీఏ మ్యూజిక్. మొదటిదాంట్లో సుమారు మూడింట రెండొంతులు మ్యూజికే, రెండోదాంట్లో మూడో వంతు, మిగతాది ఇంకో మేజర్‌కి వాడుకోవచ్చు. గిటార్ చదివినవాళ్లు ఎక్కువమంది బతికేది పాఠాలు చెప్పే, అందులో సిగ్గుపడేదేం లేదు, హైదరాబాద్ బెంగళూరుల్లో నొటేషన్ చదివి క్లాసికల్ చెప్పగలిగే టీచర్లు చాలా తక్కువ. చెన్నైలో ఏఆర్ రెహమాన్ 2008లో పెట్టిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీలో ముందు ఏడాది వెస్టర్న్ థియరీ చదివించి చూడండి, అప్పటికీ పట్టు వదలకపోతే అమెరికా మాట అప్పుడు మాట్లాడుకుందాం.

ప్రశ్న: ఎనిమిదేళ్లు వీణ నేర్చుకున్నా, ఏడాదిగా గిటార్. ఆడిషన్లో కర్ణాటక కీర్తన గిటార్ మీద వాయిస్తే ప్లస్ అవుతుందా? – ఇంటర్ విద్యార్థిని, విజయనగరం

జవాబు: అడిగిన లిస్ట్‌లో దాని బదులుగా వాయిస్తే మైనస్, అయిపోయాక ‘ఇంకేదైనా ఉందా’ అని వాళ్లే అడిగితే వాయించు తల్లీ, అప్పుడు చెవులు నిక్కపొడుచుకుంటాయి. పాలకొల్లు శ్రీనివాస్ మాండొలిన్ మీద ఏం చేశాడో మనకి తెలుసు కాబట్టి పరాయి వాయిద్యం మీద మన సంగీతం కుదరదని నేననను. కానీ అక్కడ బాహ్ వాయించే పిల్ల కావాలి వాళ్లకి. నీ తాళం, శ్రుతి జ్ఞానం ఇయర్ టెస్ట్‌లో బ్రహ్మాండంగా పనికొస్తాయి. నీకు లేనిదల్లా స్టాఫ్ నొటేషన్, రెండు మెలడీలు ఒకేసారి వినడం. గిటార్ పట్టిన ఒక్క ఏడాదికే అప్లై చెయ్యకు, ఇంకో రెండేళ్లు ఆగు.

ప్రశ్న: ఫిబ్రవరిలో చికాగో దగ్గర ఆడిషన్, వైజాగ్ నుంచి వెళ్తున్నా. గిటార్ ఫ్లైట్‌లో ఎలా? గోళ్లు విరిగితే? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: అమెరికా ఎయిర్‌లైన్స్‌కి 2015 నుంచి రూల్ ఉంది, ఎక్కేటప్పుడు పైన బిన్‌లో చోటుంటే గిటార్ క్యాబిన్‌లోకి రానివ్వాలి, కాబట్టి ముందు ఎక్కే గ్రూప్ తీసుకో. ఇక్కడి నుంచి వేరే దేశం విమానం అయితే ఆ రూల్ వర్తించదు, టికెట్ కొనేముందే వాళ్లని అడుగు. ఎందుకైనా మంచిది హార్డ్ కేస్, తీగలు కొంచెం వదులు చేసి, హెడ్ కింద బట్టలు కుక్కు. వెనకా పక్కలా ఇండియన్ రోజ్‌వుడ్ అయితే భయం లేదు, 2019 నుంచి తయారైన వాయిద్యాలకి సైటీస్ (అరుదైన చెట్లు, జంతువుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) కాగితాలు అక్కర్లేదు, బ్రెజిలియన్ రోజ్‌వుడ్‌కి మాత్రం కావాలి.

అసలు ప్రమాదం దిగాక ఉంటుంది. వైజాగ్ తేమకి అలవాటైన చెక్క చికాగో ఫిబ్రవరి హీటర్ గదిలో రెండు మూడు రోజుల్లో ఎండిపోయి టాప్ పగలొచ్చు. కేస్‌లో హ్యుమిడిఫయర్ పెట్టి తేమ 45, 50 శాతం మధ్య ఉంచు, వాయించనప్పుడు గిటార్ కేస్‌లోనే ఉండాలి, హోటల్ మంచం మీద కాదు. కొత్త తీగలు ఆడిషన్‌కి నాలుగైదు రోజుల ముందు వెయ్యి, నైలాన్ సాగి సాగి నిలబడటానికి టైమ్ పడుతుంది. గోరు విరిగితే దానికీ దారుంది, పింగ్‌పాంగ్ బంతి ముక్క కత్తిరించి సూపర్ గ్లూతో గోరు కింద అంటించుకునే గిటారిస్టులు బోలెడుమంది. కానీ ఆ టోన్‌కి చెయ్యి అలవాటు పడాలి కాబట్టి జనవరిలోనే ఒకసారి అంటించుకుని వాయించి చూడు, గ్లూ, బంతి, సన్న ఇసుక కాగితం చెక్-ఇన్ బ్యాగ్‌లో పెట్టుకో.