వేసవి సెలవుల్లో బాబు థెరపీ గురించి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఆటిజం ఉన్న బాబుకు బడి సెలవులు ఇచ్చారని, థెరపీ సెంటర్ కూడా కొన్ని వారాలు ఉండదని, ఏడాదంతా పడిన కష్టం నీళ్లపాలవుతుందేమోనని భయంగా ఉందని రాశావు. ఆ భయం నాకూ తెలుసు. నా కొడుకుకూ ఆటిజమే. వాడికి ఆరేళ్లప్పుడు వచ్చిన వేసవిలో, వాడూ నేనూ బాగా అలసిపోయాం కదా అని అన్నీ ఒక్కసారిగా ఆపేశాను. వాడికి మాటలు లేవు. కానీ మంచినీళ్లు కావలసినప్పుడు గ్లాసు బొమ్మ ఉన్న కార్డు తీసి నా చేతిలో పెట్టడం ఆ ఏడాదే నేర్చుకున్నాడు. ఆ కార్డుల పుస్తకాన్ని నేను ఇల్లు సర్దుతూ అలమర పైఅరలో పెట్టి మరచిపోయాను. సెలవులు ముగిసేసరికి వాడు మళ్లీ నా చెయ్యి పట్టి లాగడం, నాకు అర్థం కాకపోతే తల గోడకు కొట్టుకోవడం మొదలుపెట్టాడు. వాడు అడిగే దారిని నేనే పైఅరలో పెట్టేశానని తెలుసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

అందువల్ల నీకు మొదట చెప్పేది ఇదే. సెలవుల్లో గంటలు ఎంతైనా తగ్గించు, కానీ బాబు తన అవసరం చెప్పుకునే మార్గాన్ని ఒక్క పూట కూడా మూయవద్దు. కార్డులైనా, టాబ్లెట్ అయినా, సైగలైనా, స్నానానికి వెళ్లినా, ప్రయాణంలో ఉన్నా, బంధువుల ఇంట్లో ఉన్నా అవి వాడి చేతికి అందేచోట ఉండాలి. కార్డులతో నేర్పే పెక్స్ పద్ధతిని 1985లో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ రూపొందించారు, అందులో మొదటి మెట్టులో "ఏం కావాలి?" అని మనం అడగకూడదు. అడిగితే పిల్లవాడు మన ప్రశ్న కోసం ఎదురుచూడటం నేర్చుకుంటాడు. వస్తువు కనిపించేలా పట్టుకుని మౌనంగా ఉండాలి. వాడు దానికోసం చెయ్యి చాచినప్పుడు, వెనుక కూర్చున్న రెండో మనిషి ఆ చేతిని కార్డు వైపు నడిపించాలి. కార్డు అందిన క్షణమే వస్తువు ఇచ్చేయాలి. ఈ మౌనం తల్లులకు చాలా కష్టం, నాకూ కష్టమైంది.

ఇక వారానికి 40 గంటల థెరపీ ఉండాలంటారని, సెలవుల్లో అవన్నీ నీవే ఇవ్వాలేమోనని రాశావు. ఆ అంకె మనస్తత్వవేత్త ఇవార్ లోవాస్ 1987లో ప్రచురించిన అధ్యయనం వల్ల ప్రసిద్ధమైంది. ఆ గంటలు శిక్షణ పొందిన మనుషుల బృందం, రెండేళ్లకు పైగా, చాలా చిన్న పిల్లలకు ఇచ్చినవి. ఇంటి పనితో, మరో బిడ్డతో ఉన్న నీవు వాటిని బల్ల ముందు కూర్చోబెట్టి భర్తీ చేయాలని చూస్తే బాబుకు నీవు తల్లిగా కాక మరో థెరపిస్ట్‌గా మిగులుతావు. పైగా ఆ కాలపు పద్ధతుల్లో శిక్షలు కూడా ఉండేవి. అవి ఇప్పుడు ఎవరైనా సూచిస్తే ఒప్పుకోవద్దు.

నీ చేతిలో ఉన్నది సెంటర్‌కు లేని వసతి. అక్కడ ఒకే గదిలో, ఒకే మనిషి దగ్గర చేసిన పని ఇంట్లో చేయలేకపోవడం మన పిల్లల్లో తరచు చూస్తాం. నేర్పినది దానంతటదే వేరే చోట్లకు పాకుతుందని ఆశపడి ఊరుకోకూడదని, దాన్ని కూడా పనిగట్టుకుని నేర్పాలని పరిశోధకులు ట్రెవర్ స్టోక్స్, డొనాల్డ్ బేర్ 1977లోనే రాశారు. సెలవులు ఆ పనికి సరైన కాలం. థెరపిస్ట్ సెలవుపై వెళ్లేలోపు ఒక గంట అడిగి కూర్చుని, బాబు సొంతంగా చేసేవి ఏవి, ప్రాంప్ట్‌తో, అంటే మనం అందించే చిన్న సాయంతో, చేసేవి ఏవి, ఆ ప్రాంప్ట్ చెయ్యి పట్టి చేయించడమా, వేలితో చూపడమా, ఏ మాటలతో చెబుతున్నారు, మెచ్చుకోలుగా ఏమి ఇస్తున్నారు అన్నది రాయించుకో. కొత్తవి మొదలుపెట్టకుండా, వచ్చినవాటిలోనుంచి మూడింటిని ఎంచుకో. మూడు దాటితే ఏదీ నిలవదు.

ఉదాహరణకు, బూట్లు వేసుకోవడం. చివరి మెట్టునుంచి వెనక్కి నేర్పు. మొదటి వారం బూటు నీవే తొడిగి, పట్టీ సగం మూసి, మిగతా సగం మాత్రం వాడి వేళ్లతో నొక్కించు. అది అంటుకున్న చప్పుడు కాగానే తలుపు తీసి బయటికి తీసుకువెళ్లు. బయటికి వెళ్లడమే వాడికి బహుమతి కనుక విడిగా ఇంకేమీ ఇవ్వనక్కరలేదు. తరువాత పట్టీ మొత్తం, ఆ తరువాత మడమ లోపలికి తోయడం. వాళ్ల నాన్న దగ్గర ఒకరోజు, తాతయ్య దగ్గర ఒకరోజు, వేరే జత బూట్లతో ఒకరోజు చేయించు. పది నిమిషాలు కూడా పట్టని ఈ పని రోజూ జరిగితే అదే థెరపీ.

బాబు కేకలు వేయడం, వస్తువులు విసరడం గురించి ఎక్కువగా అడిగావు. ఒక నోట్‌బుక్‌లో మూడు గడులు గీసి, ముందు ఏం జరిగింది, బాబు ఏం చేశాడు, వెంటనే మీరంతా ఏం చేశారు అని వారం రోజులు రాయి. పని తప్పించుకోవడానికా, వస్తువు కోసమా, మనుషులు చూడాలనా, శరీరానికి ఆ స్పర్శ లేదా కదలిక కావాలనా అన్నది చాలావరకు అందులోనే కనిపిస్తుంది. కారణం తెలియకుండా వేసే ఉపాయం తరచు దాన్ని పెంచుతుంది. ఇన్నాళ్లు కేకకు ఇచ్చిన వస్తువును ఇవ్వడం మానేస్తే కేకలు మొదట పెరుగుతాయి. సరిగ్గా అప్పుడు లొంగితే, ఇంకా గట్టిగా అరవాలని మనమే నేర్పినవాళ్లమవుతాం. అందుకే మానేయడం ఒక్కటే పెట్టుకోక, అదే వస్తువును అడిగే సులువైన మార్గాన్ని ముందుగా చేతికివ్వు. తనను తాను గాయపరచుకునే పనులుంటే మాత్రం ఒంటరిగా ప్రయోగాలు చేయకు, నిపుణుల మాట తీసుకో. అలాంటిది హఠాత్తుగా మొదలైతే ముందు డాక్టర్‌కు చూపించు. చెవిపోటు, పంటినొప్పి, మలబద్ధకం చెప్పుకోలేని పిల్లలు వాటిని ఇలాగే చెబుతారు. వచ్చిన మాటలు, పనులు ఉన్నట్టుండి పోతున్నా అంతే, సెలవుల వల్లనే అనుకుని ఆగవద్దు.

రోజుకు ఒక క్రమం ఉండాలి. గోడమీద బొమ్మల షెడ్యూల్ పెట్టి, అయిన పని బొమ్మను బాబు చేతనే తీయించు. అందులో ప్రశ్నార్థకం గుర్తున్న కార్డు ఒకటి చేర్చి, మొదట అది వచ్చినప్పుడల్లా వాడికి ఇష్టమైనదే జరిగేలా చూడు. మార్పు అంటే ఎప్పుడూ చెడ్డది కాదని వాడికి నమ్మకం కుదిరాక చిన్న చిన్న మార్పులకు వాడుకోవచ్చు. షెడ్యూల్‌లో ఖాళీ సమయం కూడా తప్పకుండా ఉండాలి. ఆ సమయంలో చేతులు ఊపుకున్నా, చక్రాలు తిప్పుకుంటూ కూర్చున్నా ఆపవద్దు, కళ్లలోకి చూడమని బలవంతపెట్టవద్దు. ఏడాదంతా ఇతరులు చెప్పినట్టు మసలుకున్న పిల్లవాడికి ఆ విశ్రాంతి న్యాయంగా రావలసినది.

నీళ్ల దగ్గర మాత్రం ఒక్క క్షణం కూడా కన్ను తిప్పకు. మన పిల్లల్లో చాలామందికి నీళ్లంటే విపరీతమైన ఇష్టం, చెప్పకుండా వెళ్లిపోయే అలవాటు కూడా ఉంటుంది. సెలవుల్లో తలుపులు తెరిచి ఉంటాయి, ఇంటినిండా మనుషులుంటారు, అందరూ ఎవరో ఒకరు చూస్తున్నారనుకుంటారు. ఆ పూట బాబు ఎవరి బాధ్యతో పేరు పెట్టి చెప్పి అప్పగించు.

బడి తెరవడానికి రెండు వారాల ముందునుంచి రోజుకు పావుగంట చొప్పున పెందరాళే నిద్రలేపుతూ బడి వేళకు తీసుకురా. ఖాళీగా ఉన్న బడి గేటు దాకా రెండుమూడుసార్లు నడిపించుకు వెళ్లు, కొత్త టీచర్ ఫొటో దొరికితే షెడ్యూల్ పక్కన అంటించు. నోట్‌బుక్ థెరపిస్ట్‌కు ఇచ్చేముందు ఒక ప్రతి తీసి నాకూ పంపు. మూడు గడులూ నేనూ చదివి, ఎక్కడ సందేహం వస్తే అక్కడ రాసి పంపుతాను.

ఇట్లు,
నీ పెద్దమ్మ