చిన్న షాపుకు లోకల్ ఇన్సూరెన్స్ ఏజెంట్ అవసరమా? ఆన్‌లైన్‌లో తీసుకుంటే చాలదా?

అడిగినవారు కింద ఇంకో మాట కూడా రాశారు: ‘అదే పాలసీ ఆన్‌లైన్‌లో వెయ్యి, పదిహేను వందలు తక్కువకు వస్తుంటే మధ్యలో ఏజెంట్‌కు ఎందుకు ఇవ్వాలి?’ తక్కువకు వస్తుందన్నది నిజమే కావచ్చు. ‘అదే పాలసీ’ అన్న దగ్గరే నాకు పేచీ.

నాది దేవరకొండ వైపు ఒక మండల కేంద్రంలో మోటర్ వైండింగ్ షాపు. పద్దెనిమిదేళ్లయింది. మా దిక్కంతా బోర్లు, బత్తాయి తోటలు. యాసంగి వచ్చిందంటే నాకు తిండి తినే టైముండదు. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక, కరెంటు రాగానే మోటర్‌ను తనంతట తానే నడిపించే ఆటోస్టార్టర్లు తీసేయమని ఊరూరా చెప్పారు. తీసినవాళ్లెందరో నాకు తెలుసు, ఎందుకంటే తీయనివాళ్ల మోటర్లన్నీ నా దగ్గరికే వస్తాయి. రాత్రంతా నడిచి, బోరులో నీళ్లు అడుగంటి, ఒట్టిగా తిరిగి కాలిపోయి వస్తాయి. ఫిబ్రవరి, మార్చిలో షాపులో కాలు పెట్టడానికి జాగా ఉండదు. గోడ వెంట పదిహేను, ఇరవై మోటర్లు నిలబెట్టి ఉంటాయి. అన్నీ రైతులవే.

ఇన్సూరెన్స్ అంటే నాకు మొదట్లో తెలిసింది మా బావమరిది. జీవిత బీమా ఏజెన్సీ తీసుకున్నాడు, టార్గెట్ కోసం నా చేత, మా ఆవిడ చేత, పుట్టి మూడు నెలలు కాని నా కొడుకు చేత కూడా పాలసీలు కట్టించాడు. రెండేళ్లకు ఏజెన్సీ వదిలేసి హైదరాబాద్‌లో కారు నడుపుకుంటున్నాడు. ఏజెంట్లంటే ఇష్టం లేనివాళ్లను నేను తప్పు పట్టను. నేనూ ఆ బాపతే.

షాపుకు పాలసీ ఎలా వచ్చిందంటే, లోన్ తీసుకున్నప్పుడు బ్యాంకువాళ్లే చేశారు. ఏటా ఖాతాలోంచి డబ్బు కట్ అయ్యేది, ఫోన్‌కు మెసేజ్ వచ్చేది. కాగితం ఎన్నడూ చూడలేదు. అడిగితే ‘సిస్టంలో ఉంటుంది’ అనేవారు. ఉంటుందిలే అనుకున్నాను.

2021లో మా ఊళ్లో ఉండే జనరల్ ఇన్సూరెన్స్ (బండ్లు, షాపుల బీమా) ఏజెంట్ ఒకాయన ట్రాక్టర్ పాలసీ కాగితాలిస్తూ ఎదురు షాపుకు వచ్చి, చాయ్ తాగుతూ నా షాపులోకి తొంగి చూశాడు. యాభై దాటిన మనిషి, పాత స్కూటర్, చేతిలో రెగ్జిన్ సంచి. పాలసీ తీసుకోమని అడగలేదు. గోడ వెంట ఉన్న మోటర్ల దిక్కు చెయ్యి చూపించి, ‘ఇవన్నీ నీయేనా?’ అన్నాడు.

‘నాయి కాదన్నా, రైతులవి.’

‘మరి పోతే?’

‘ఎందుకు పోతయన్నా, బ్యాంకు ఇన్సూరెన్స్ ఉంది కదా.’

ఆయన నవ్వి, ఆ కాగితం ఒకసారి తెచ్చుకో చూద్దామన్నాడు. నాలుగు సార్లు తిరిగితే బ్యాంకులో కాపీ ఇచ్చారు. అందులో అగ్నిప్రమాదం, వరద, పిడుగు, అల్లర్లు ఇవన్నీ ఉన్నాయి. రాత్రి పూట షట్టర్ పగలగొట్టి ఎత్తుకుపోతే వచ్చేది లేదు. దానికి బర్గ్లరీ కవర్ వేరే తీసుకోవాలట. ఇక సరుకు అని రాసిన దగ్గర నా సొంత సరుకే. మన దగ్గర రిపేరుకు పెట్టి వెళ్లిన ఇతరుల వస్తువులను ఇన్సూరెన్స్ భాషలో ‘హెల్డ్ ఇన్ ట్రస్ట్’ అంటారు. అది పాలసీలో విడిగా రాయించి, దాని విలువ చూపించకపోతే మామూలుగా రూపాయి రాదు. టైలర్, వాచీ రిపేరు, మొబైల్ రిపేరు, డ్రై క్లీనింగ్, మిల్లులో వడ్లు పెట్టుకునేవాళ్లు, అందరిదీ ఇదే కథ. నేను చూసిన ఆన్‌లైన్ ఫారంలో మాత్రం ‘సరుకు విలువ ఎంత’ అని ఒక గడి ఉంది. ఎవరి సరుకు అని అడిగే గడి లేదు. ఆ ప్రశ్న అడగాలంటే మనిషి వచ్చి నా గోడ చూడాలి.

బర్గ్లరీ కవరూ, రైతుల మోటర్లూ రాయించి ఆయన ద్వారానే పాలసీ తీసుకున్నాను. ఆయన అక్కడితో ఆగలేదు. అప్పటిదాకా నేను మోటర్ మీద సుద్దముక్కతో పేరు, ఊరు రాసేవాణ్ణి. అదే నా రికార్డు. రసీదు పుస్తకం కొట్టించమని వెంటపడ్డాడు. రైతు పేరు, ఊరు, హెచ్‌పీ, మోటర్ మీది నంబరు, తేదీ, సంతకం. ఒక కాపీ రైతుకు, ఒకటి నాకు. నాకు చిరాకేసింది. ఎండకు పడి వచ్చిన రైతును నిలబెట్టి సంతకం పెట్టమంటే, ‘ఏం బిడ్డా, భూమి రిజిస్ట్రేషన్ చేస్తున్నవా?’ అనేవాళ్లు. అయినా ఆయన వచ్చిన ప్రతిసారీ పుస్తకం తిరగేసి చూసేవాడు, స్కూల్ ఇన్‌స్పెక్టర్ లాగ.

ఇక 2023 ఫిబ్రవరి. పొద్దున ఆరింటికి పాలవాడు ఫోన్ చేసి మీ షట్టర్ లేచి ఉందన్నాడు. వెళ్లి చూస్తే షట్టర్ మధ్యలో జాకీ పెట్టి లేపారు, రేకు విల్లులా వంగింది. వైండింగ్ వైరు అరవై కిలోల పైన, కొత్త మోటర్ సెట్లు రెండు, ఐదు స్టార్టర్ డబ్బాలు, పాత రాగి బస్తా, గల్లాలో నాలుగు వేలు పోయాయి. వాటితో పాటు రైతుల మోటర్లు నాలుగు. బరువైనవాటి జోలికి పోలేదు, ఐదు హెచ్‌పీవే ఏరుకున్నారు. ట్రాలీ ఆటో తెచ్చి ఉంటారు, మట్టిలో టైర్ల అచ్చులున్నాయి.

జనం పోగయ్యారు. పక్క షాపాయన పాపం మంచికే వెల్డింగ్ పిల్లవాణ్ణి పిలిపించాడు, షట్టర్ సరిచేస్తే మిగిలినవైనా దక్కుతాయని. వాడు మిషన్ దించి కేబుల్ పరుస్తుండగా నేను ఏజెంట్‌కు ఫోన్ చేశాను. మొదటి మాటే, ‘షట్టరు ముట్టకు. నేనొచ్చేదాకా ఎవ్వల్నీ ముట్టనియ్యకు.’ పది నిమిషాల్లో లుంగీ మీదే వచ్చాడు. వంగిన రేకు, విరిగిన తాళం, టైర్ల అచ్చులు, ఖాళీ అయిన గోడ, అన్నీ ఫోన్‌లో తీయించాడు. తాళం ముక్కలు ఒక కవర్లో వేయించాడు. బర్గ్లరీ పాలసీలో బలవంతంగా పగలగొట్టి లోపలికి వచ్చారని ఆనవాళ్లు ఉండాలి. ఆ వెల్డింగ్ పిల్లవాడు ఇంకో పావుగంట ముందు పని మొదలుపెట్టి ఉంటే నా క్లెయిమ్‌ను నా చేతులతోనే అతికించేసి ఉండేవాణ్ణి.

ఆలోపు నేను కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకు కూడా చేశాను. తెలుగు కోసం నొక్కమన్న నంబరు నొక్కితే హిందీలో ఎత్తారు. ‘మోటర్లు పోయినయ్’ అన్నాను. బండి నంబరు చెప్పమంది. బండి కాదమ్మా మోటర్లు అంటే, మోటర్ క్లెయిమ్ అయితే రిజిస్ట్రేషన్ నంబరు తప్పనిసరి అంది. ఆమె తప్పేం లేదు, వాళ్ల లెక్కలో మోటర్ అంటే బండే. కానీ నాలుగు మోటర్లు పోగొట్టుకున్నవాడికి ఆ పొద్దున్న అది వినడం ఎట్లుంటుందో మీరే ఊహించుకోండి.

తర్వాత పోలీసుల దగ్గర. ఎక్కడని చెప్పను. దరఖాస్తు తీసుకున్నారు గానీ ఎఫ్‌ఐఆర్ కోసం మూడు రోజులు తిప్పారు. చివరికి రాస్తామన్నప్పుడు ఏజెంట్ నా పక్కనే కూర్చున్నాడు. ఉత్త ఐపీసీ 379 సెక్షన్ కింద దొంగతనమని రాస్తే, రేపు కంపెనీ షట్టర్ పగలగొట్టినట్టు ఎక్కడుందని అడుగుతుందన్నాడు. షట్టర్ లేపి రాత్రి పూట లోపలికి వచ్చారన్న వాక్యం దరఖాస్తులోనే స్పష్టంగా రాయించాడు. 457, 380 సెక్షన్లు పడ్డాయి. (2024 జూలై నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చాక నంబర్లు మారాయి, పాత నంబర్లు పట్టుకుని వెళ్లకండి.) ఈ ముక్క చెప్పడానికి నల్లగొండ బ్రాంచి నుంచి ఎవరొస్తారు? బస్సులో గంటన్నర.

నష్టం లెక్కకట్టే సర్వేయర్ మూడో రోజు వచ్చాడు. మంచివాడే, కానీ కాగితం ఉంటేనే నోరు తెరుస్తాడు. వైండింగ్ వైరుకు, కొత్త సెట్లకు, స్టార్టర్లకు జీఎస్టీ బిల్లులున్నాయి, రాసుకున్నాడు. పాత రాగి బస్తాకు బిల్లేది? కాలిన మోటర్లలోంచి తీసిన రాగికి ఎవడిస్తాడు బిల్లు! సున్నా. గల్లాలో డబ్బు, సున్నా. రైతుల మోటర్ల దగ్గరికి వచ్చేసరికి రసీదు పుస్తకం ముందు పెట్టాను. సంతకాలు, నంబర్లు చూశాడు, ఇద్దరు రైతులకు ఫోన్ చేసి అడిగాడు. పాతవి కాబట్టి తరుగు తీసి, నాలుగింటికి కలిపి 44,000 కట్టాడు. నేను 72,000 అడిగాను. మొత్తంగా పోయింది రెండున్నర లక్షలు. ఎక్సెస్ (ప్రతి క్లెయిమ్‌లో మనమే భరించాల్సిన వాటా) పోను చేతికొచ్చింది 1,88,000 చిల్లర. దొంగలు దొరకలేదని పోలీసులు ఫైనల్ రిపోర్టు ఇచ్చాకే వచ్చింది, నాలుగున్నర నెలలు పట్టింది.

ఈ నాలుగున్నర నెలల్లో ఏజెంట్ ఎన్ని సార్లు తిరిగాడో లెక్క పెట్టలేదు. నా ప్రీమియం మీద ఆయనకొచ్చే కమీషన్ వందల్లో ఉంటుంది. ఆయన పెట్రోలుకే చాలదు. మీరు మిగుల్చుకుందామనుకుంటున్నది ఆ వందలే.

మిగుల్చుకోవాలనుకుంటే వేరే చోట ఏడవండి. షాపు పాలసీ మీద 18 శాతం జీఎస్టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీల మీద తీసేశారు, సంతోషం. వైండింగ్ షాపు, కిరాణా కొట్టు, టైలర్ కొట్టు కాపాడుకునే పాలసీ మీద మాత్రం ఉంచారు.

కోదాడలో మా తోడల్లుడికి పెయింట్ల షాపుంది. 2024 ఆగస్టు 31 రాత్రి నుంచి కొట్టిన వాన గుర్తుందా, సూర్యాపేట, ఖమ్మం జిల్లాలు మునిగిన వాన. షాపులోకి నడుం దాకా నీళ్లొచ్చాయి. ఆయనకూ బ్యాంకు పాలసీయే, వరద అందులో ఉంది కూడా. కానీ ఐదేళ్ల కింద లోన్ అప్పుడు రాసిన విలువే ఏటా రెన్యువల్ అవుతూ వచ్చింది, సరుకు దానికి రెట్టింపైంది. ఈ లెక్క చాలామందికి తెలియదు. 12 లక్షల సరుకును 8 లక్షలకే ఇన్సూర్ చేస్తే, 3 లక్షల నష్టానికి మామూలు లెక్క ప్రకారం 2 లక్షలే వస్తాయి. 2021 ఏప్రిల్ నుంచి ఐదు కోట్ల లోపు ఆస్తి ఉన్నవాళ్లకు వచ్చిన ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ పాలసీలో 15 శాతం దాకా తక్కువ చూపించినా పట్టించుకోరు. రెట్టింపు తేడాను ఏ పాలసీ పట్టించుకోకుండా ఉంటుంది? సగం కూడా రాలేదు. ఏడాదికోసారి షాపుకు వచ్చి, ‘సరుకు పెరిగిందే’ అనే మనిషి లేకపోవడమే ఆయన నష్టం అంటాను నేను. ఆయన ఒప్పుకోడు, బ్యాంకును తిడతాడు.

ఏజెంట్లంతా మా ఏజెంట్‌లాంటివాళ్లని చెప్పను. ప్రీమియం నగదు తీసుకుని పదిహేను రోజులు జేబులో పెట్టుకు తిరిగేవాళ్లున్నారు. డబ్బు కంపెనీకి చేరేదాకా కవర్ మొదలవ్వదు, ఆ పదిహేను రోజుల్లో ఏమైనా అయితే గోవిందా. కాబట్టి డబ్బు నేరుగా కంపెనీకే కట్టండి, ఏజెంట్ పేరు పాలసీ మీద ఉంటే చాలు. మా ఏజెంట్ ఒకే జనరల్ కంపెనీకి చేస్తాడు, పది కంపెనీల ధరలు చూపించలేడు. అదీ నిజమే. నాకు ధరల పట్టిక కంటే లుంగీ మీద వచ్చే మనిషే ముఖ్యం.

పోయిన నాలుగు మోటర్లలో ఒకటి ఒక బత్తాయి రైతుది. ఐదెకరాల తోట, ఉన్నది ఒకటే బోరు. క్లెయిమ్ వచ్చేదాకా ఆగే పరిస్థితి కాదు, తొమ్మిదో రోజున నా దగ్గరున్న పాత సెట్ ఒకటి సరిచేసి దింపించాను. అప్పటికే పిందె రాలింది. ఆ పిందెకు ఏ పాలసీలోనూ గడి లేదు, నేనూ ఏమీ ఇవ్వలేకపోయాను. ఆయన ఒక్క మాటా అనలేదు. ఇప్పటికీ మోటర్ కాలితే నా దగ్గరికే తెస్తాడు. రసీదు మీద సంతకం పెట్టి, ఆ తర్వాత తన ఫోన్ తీసి మోటర్‌నూ, నా షట్టర్‌నూ, నన్నూ కలిపి ఒక ఫోటో తీసుకుని పోతాడు.