డిజైన్ తరగతిలో రోల్ ప్లే నవ్వులాటగా మిగలకూడదంటే

వస్తువును వాడేవాళ్లలా పిల్లల చేత పాత్రలు వేయిస్తే (అదే రోల్ ప్లే) గది నిండా నవ్వులే తప్ప వాళ్ల డిజైన్లలో ఏ మార్పూ రాలేదని, ఇక ఈ పద్ధతి మానేయాలా అని మీరు అడిగారు. మానేయకండి. డిజైన్ పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన ఏడాది నాకూ అచ్చం ఇదే జరిగింది.

అప్పుడు తరగతిలో టికెట్ యంత్రం డిజైన్ చేస్తున్నాం. ఒక విద్యార్థిని పిలిచి 'నువ్వు 70 ఏళ్ల వృద్ధుడివి, నటించు' అన్నాను. అతను నడుము వంచాడు, గొంతు వణికించాడు, అందరూ నవ్వారు. వృద్ధుల గురించి మాకు ముందే ఉన్న అభిప్రాయం తప్ప కొత్త సంగతి ఒక్కటీ బయటపడలేదు. తప్పు అతనిది కాదు. నేను వేషం ఇచ్చానే గాని, చేయడానికి పని ఇవ్వలేదు.

మరుసటి సారి నటించమనే మాటే ఎత్తలేదు. చేతులకు మందపాటి తొడుగులు, కళ్లద్దాల మీద మసక కాగితం, రెండు చేతుల్లో సంచులు. 'వెనక క్యూ ఉంది, రానూపోనూ రెండు టికెట్లు తీసుకో' అన్న చీటీ ఒకటి. అట్టతో చేసిన యంత్రం ముందు నిలబడిన అమ్మాయి రెండు క్షణాలు ఆగి, 'ఈ సంచులు ఎక్కడ పెట్టాలి?' అంది. ఎవరూ నవ్వలేదు. తర్వాతి వారం వచ్చిన బొమ్మల్లో చాలావాటిలో యంత్రం కింద చిన్న అరుగు కనిపించింది. ఆ అరుగు గురించి నేను పాఠంలో ఒక్క మాట కూడా చెప్పలేదు.

ప్యాట్రీషియా మూర్ గురించి పిల్లలకు తప్పకుండా చెబుతాను. ఈ పారిశ్రామిక డిజైనర్ 1979లో, 26 ఏళ్ల వయసులో, 80 దాటిన స్త్రీలా తయారై 1982 వరకు అమెరికా, కెనడాల్లో వందకు పైగా నగరాలు తిరిగారు. చూపు మసకబారే కళ్లద్దాలు పెట్టుకున్నారు, చెవులు మూసుకున్నారు, కీళ్లు సరిగా వంగకుండా కట్టుకున్నారు. అలాగే వీధుల్లో, దుకాణాల్లో తన పనులు తాను చేసుకున్నారు. అయితే అరగంట తొడుగులు వేసుకున్నంత మాత్రాన వృద్ధాప్యం అర్థమైపోదని కూడా పిల్లలకు గట్టిగా చెప్పాలి. వైకల్యం ఉన్నవాళ్లలా నటించమని నేను ఎవరినీ అడగను. తరగతిలో పుట్టిన ప్రశ్నలను పట్టుకుని ఆ ఇబ్బందులతో నిజంగా బతుకుతున్నవాళ్ల దగ్గరికి వెళ్లాలి. రోల్ ప్లే అక్కడి దాకా తీసుకెళ్తే చాలు.

మొబైల్ యాప్ లాంటి పని అయితే, ఒకరిని వాడుకరిగా, ఇంకొకరిని యంత్రంగా కూర్చోబెట్టండి. యంత్రానికి నోరు ఉండదు. వాడుకరి ఏ బటన్ మీద వేలు పెడితే దానికి సంబంధించిన కాగితపు స్క్రీన్‌ను ముందు పెట్టడమే దాని పని. 'వెనక్కి' నొక్కినప్పుడు పెట్టడానికి కాగితం లేక యంత్రం చేతులు ఆగిపోతాయి. ఆ నిశ్శబ్దంలో విద్యార్థి తన డిజైన్‌లోని ఖాళీని తానే చూసుకుంటాడు. నేను గంటసేపు విమర్శించినా అంత సూటిగా తగలదు. నలుగురిలో మాట్లాడలేని పిల్లలకు ఈ యంత్రం పాత్ర ఎంతో హాయిగా ఉంటుంది. 1980ల మొదట్లో స్కాండినేవియాలో యుటోపియా అనే ప్రాజెక్టులో పత్రికల ముద్రణ కార్మికులు, డిజైనర్లు కలిసి అట్టపెట్టెను లేజర్ ప్రింటర్ అనుకుని, రాబోయే రోజుల్లో తమ పని ఎలా ఉండబోతుందో ఇలాగే చేసి చూసుకున్నారు.

మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, ఆట అయిపోగానే తరగతి ముగించినట్టున్నారు. అసలు చదువు ఆ తర్వాతే ఉంది. నేను ఆటకు 10 నిమిషాలు, మాటలకు 25 నిమిషాలు ఇస్తాను. మొదట పాత్ర వేసినవాళ్లే మాట్లాడాలి. చూసినవాళ్లు తాము చూసింది మాత్రమే చెప్పాలి. 'గందరగోళపడ్డాడు' అంటే ఒప్పుకోను, 'వేలు మూడుసార్లు బటన్ దాకా వెళ్లి వెనక్కి వచ్చింది' అంటే బోర్డు మీద రాస్తాను. ఈ అలవాటు పడటానికి నాలుగైదు తరగతులు పడుతుంది, ఓపిక పట్టండి.

ముందు యంత్రం పాత్రతో మొదలుపెట్టండి, కాగితం, పెన్సిలు ఉంటే చాలు. ఇప్పుడు మీ విద్యార్థులు ఏ డిజైన్ మీద పనిచేస్తున్నారో కింద రాస్తే, దానికి సరిపడే చీటీలు రెండు మూడు నేనే తయారుచేసి ఇస్తాను.