అడగండి చెబుతాం: పంచదార మిల్లులో పుట్టి పైడిభీమవరం చేరిన యంత్రం

ప్రశ్న: మా అన్నయ్య పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో ఎంఈఈ దగ్గర పనిచేస్తాడు. వ్యర్థ జలాన్ని ఇగరబెట్టే ఆ యంత్రాన్ని మొదట పంచదార కోసం కనిపెట్టారని అంటాడు. ఎవరు కనిపెట్టారు? ఆయన ఏం చదివాడు? నేను ఇంటర్ ఎంపీసీ చదువుతున్నాను. కెమికల్ ఇంజినీరింగ్ తీసుకోవచ్చా?
– విద్యార్థిని, చీపురుపల్లి

జవాబు: మీ అన్నయ్య చెప్పింది నిజమే. ఎంఈఈ అంటే మల్టిపుల్ ఎఫెక్ట్ ఎవాపరేటర్, ద్రవాన్ని వరస పాత్రల్లో ఇగరబెట్టే యంత్రం. అందులో ఒక్కో పాత్రను ఎఫెక్టు అనీ, చక్కెర మిల్లుల్లో బాడీ అనీ అంటారు. దాన్ని పనికొచ్చే యంత్రంగా నిలబెట్టినవారు నార్బర్ట్ రిల్యూ. ఆయన 1806లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో పుట్టారు. తండ్రి తెల్లజాతి తోట యజమాని, ఇంజినీరు. తల్లి బానిసత్వం లేని నల్లజాతి స్త్రీ. చిత్రకారుడు ఎద్గార్ దేగా ఈయనకు బంధువు. చదువు పారిస్‌లోని ఎకోల్ సెంత్రాల్‌లో. 24 ఏళ్లకే అక్కడ అప్లైడ్ మెకానిక్స్ బోధించారు, ఆవిరి యంత్రాల మీద వ్యాసాలు రాశారు.

అప్పట్లో లూసియానా తోటల్లో చెరకు రసాన్ని వరసగా పేర్చిన మూతల్లేని బానల్లో కాచేవారు. బానిసలు పొడుగాటి గరిటెలతో మరుగుతున్న రసాన్ని పెద్ద బాన నుంచి చిన్న బానలోకి తోడిపోసేవారు. ఒళ్లు కాలేది, కట్టెలు గుట్టలుగా తగలబడేవి, మంట ఎక్కువై పంచదార నల్లబడేది. గాలి తీసేసిన మూత పాత్రలో తక్కువ వేడికే రసం మరిగించవచ్చని ఇంగ్లండులో హోవర్డ్ అనే రసాయన శాస్త్రవేత్త అప్పటికే చూపించాడు. ఒక పాత్రలో లేచిన ఆవిరిని వృథా పోనివ్వకుండా పక్క పాత్రను కాచడానికి వాడడం, పక్క పాత్రలో పీడనం ఇంకా తక్కువగా ఉంచడం రిల్యూ చేసిన పని. మొదటి పేటెంటు 1843లో, మెరుగుపరిచిన రూపానికి 1846లో వచ్చాయి. 1845లో మర్టిల్ గ్రోవ్ అనే తోటలో పెట్టిన యంత్రం బాగా నడిచింది, తర్వాత ఇతర తోటలూ తీసుకున్నాయి.

యంత్రం కోసం ఆయన్ని పిలిపించుకున్న యజమానులే తమ ఇంట్లో సాటి అతిథిగా దింపుకోవడానికి ఇష్టపడలేదు. న్యూ ఆర్లియన్స్ మురుగు పారుదలకు ఆయన ఇచ్చిన పథకాన్ని పక్కన పెట్టేశారు. చివరికి పారిస్‌కే తిరిగి వెళ్లిపోయారు. అక్కడ కొన్నేళ్లు ఈజిప్టు చిత్రలిపి చదువుకుని, మళ్లీ పనిలోకి వచ్చి, 75 ఏళ్ల వయసులో 1881లో బీట్‌రూట్ పంచదారకు సంబంధించి ఇంకో పేటెంటు తీసుకున్నారు. 1894లో కన్నుమూశారు. పంచదార, ఉప్పు, పాలపొడి, కాగితం, మందులు ఏ పరిశ్రమ చూసినా ఇగరబెట్టే చోట ఆయన ఆలోచనే నడుస్తోంది. ఆయన పేరు మన పాఠ్యపుస్తకాల్లో కనబడకపోవడం మాకు బాధగానే ఉంటుంది.

మీ చదువు సంగతికి వస్తే, కెమికల్ అంటే కెమిస్ట్రీ అనుకుని చేరవద్దు. నాలుగేళ్లలో ఎక్కువ భాగం లెక్కలూ భౌతికశాస్త్రమే: ఎంత లోపలికి వెళ్లింది, ఎంత బయటికి వచ్చింది, వేడి ఎటు పోయింది. కింది జవాబుల్లోని లెక్కలు ఆసక్తిగా అనిపిస్తే నిస్సందేహంగా తీసుకోండి.

ప్రశ్న: చక్కెర మిల్లులో సీజన్‌కి పనిచేస్తుంటాను. ఒక టన్ను స్టీముతో మూడున్నర టన్నుల నీరు ఇగురుతుందని కెమిస్టు గారు అంటారు. అదెలా?
– పాఠకుడు, సంకిలి

జవాబు: స్టీము ఖర్చయిపోదు, దాని వేడి ఒక బాడీ నుంచి ఇంకో బాడీకి చేతులు మారుతుంది. ఒక కిలో స్టీము నీరుగా మారేటప్పుడు సుమారు 540 కిలోకేలరీలు వదులుతుంది. ఆ వేడితో మొదటి బాడీలో దాదాపు ఒక కిలో నీరు ఆవిరవుతుంది. ఆ ఆవిరి రెండో బాడీ కాలండ్రియాలో (ట్యూబులున్న కాచే భాగంలో) నీరుగా మారుతూ ఇంకో కిలోను లేపుతుంది. ఇలా నాలుగు బాడీల్లో నాలుగుసార్లు.

అయితే వేడి కిందికే దిగుతుంది. కాచే ఆవిరి కన్నా కాగే రసం చల్లగా ఉండాలి. అందుకే మొదటి బాడీకి 111 డిగ్రీల ఎగ్జాస్ట్ స్టీము (టర్బైన్లు వాడి వదిలిన ఆవిరి) ఇచ్చి, చివరి బాడీలో 640 మి.మీ. వాక్యూమ్ ఉంచుతారు. అక్కడ నీరు 55 డిగ్రీలకే మరుగుతుంది. మధ్యలో ఉన్న 56 డిగ్రీలనే నాలుగు మెట్లుగా బాడీలు పంచుకుంటాయి. రసం చిక్కబడే కొద్దీ తక్కువ వేడిలో ఉంటుంది కాబట్టి రంగు చెడదు, చక్కెర విరగదు.

మీ మిల్లు లెక్కే చూడండి. 15 బ్రిక్స్ (వందలో 15 పాళ్లు కరిగిన ఘనపదార్థం) ఉన్న 100 టన్నుల క్లియర్ జ్యూసులో 15 టన్నులు ఘనపదార్థం. 60 బ్రిక్స్ సిరప్ చేస్తే అది 25 టన్నులు. అంటే 75 టన్నుల నీరు పోవాలి. ఒకే బాడీ అయితే 75 టన్నులకు మించి స్టీము కావాలి. నాలుగు బాడీలకు 20 టన్నుల పైచిలుకుతో సరిపోతుంది. వేడి గోడల నుంచి కొంత పోతుంది, తక్కువ పీడనంలో కిలో నీటికి 540 కాదు, 565 కిలోకేలరీల దాకా కావాలి. అందుకే నాలుగుకు నాలుగు రాక మూడున్నర దగ్గర ఆగుతుంది.

ప్రశ్న: అయితే ఇంకో బాడీ కలిపితే ఉత్పత్తి పెరుగుతుందా?
– పాఠకుడు, బొబ్బిలి

జవాబు: పెరగదు. అదే 56 డిగ్రీలను ఐదుగురు పంచుకోవాలి. 14 డిగ్రీల మెట్టు 11కు దిగుతుంది. ఒక్కో బాడీలో ఇగిరే నీరు తగ్గి, మొత్తం మీద పాత సామర్థ్యమో కాస్త తక్కువో వస్తుంది. తగ్గేది స్టీము ఖర్చు. ఉత్పత్తి పెరగాలంటే ట్యూబుల వైశాల్యం పెంచాలి.

ప్రశ్న: ఫార్మా ఈటీపీ (వ్యర్థ జల శుద్ధి కేంద్రం)లో నాలుగు ఎఫెక్టుల ఎంఈఈ నడుపుతున్నాం. శుభ్రం చేసిన కొత్తలో రేటు పూర్తిగా వస్తుంది. నెల తిరగకుండా సగానికి పడిపోతోంది. స్టీము వాల్వు ఇంకా తెరిచినా లాభం లేదు. ఎక్కడ వెతకాలి?
– షిఫ్ట్ ఆపరేటర్, రణస్థలం

జవాబు: స్టీము వాల్వు ముందు ముట్టుకోవద్దు. గేజీల దగ్గర నిలబడి ఒక్కో ఎఫెక్టులో రెండు అంకెలు రాసుకోండి: కాచే ఆవిరి ఉష్ణోగ్రత, కాగుతున్న ద్రవం ఉష్ణోగ్రత. రెంటికీ తేడా ఎంతో పక్కన వేయండి. శుభ్రం చేసిన రోజు రాసిన ఇవే అంకెలు ఉంటే సగం పని అయిపోయినట్టే. నాలుగింటిలోనూ దాదాపు ఒకే వేడి దాటాలి కాబట్టి, స్కేలు (ట్యూబులకు గట్టి పొర) పట్టిన ఎఫెక్టు తన వాటాకు మించి డిగ్రీలు మింగేస్తుంది. ఉదాహరణకు మొదటి ఎఫెక్టులో తేడా 10 నుంచి 18కి పెరిగి, మిగతా వాటిలో తగ్గితే జబ్బు మొదటిదానికే. నాలుగూ విప్పి కడగనక్కర్లేదు.

నాలుగింటిలోనూ సమానంగా తగ్గిందంటే మొత్తం మెట్ల ఎత్తే, అంటే మొదటి స్టీముకూ చివరి ఎఫెక్టుకూ మధ్య ఉన్న డిగ్రీలే, తగ్గిందని అర్థం. అప్పుడు వాక్యూమ్ చూడండి. వాక్యూమ్ తెచ్చే వాటర్ రింగ్ పంపుకు వేడెక్కిన సీల్ నీరు వెళ్తే ఆ నీరే పంపులో ఆవిరవుతుంది. 45 డిగ్రీల నీటితో చివరి 70 మి.మీ. వాక్యూమ్ ఎంత చేసినా రాదు. కూలింగ్ టవర్ నీరు వేడిగా ఉన్నా ఇదే గతి. గాలి లీకు అనుమానం ఉంటే ఫీడు, స్టీము ఆపి, వాక్యూమ్ ఎక్కించి, పంపు వాల్వు మూసి, గంటలో ఎంత పడుతుందో చూడండి. పడుతుంటే ఫ్లాంజీలు, సైట్ గ్లాసులు, వాల్వు స్పిండిళ్లు, ముఖ్యంగా ట్రాన్స్‌ఫర్ పంపు గ్లాండు మీద సబ్బు నురగ రాయండి. నురగ లోపలికి గుంజుకుపోయిన చోటే లీకు.

తర్వాత కాలండ్రియా వెంట్లు (గాలి వదిలే గొట్టాలు). ఆవిరితో వచ్చిన గాలి, ద్రవంగా మారని వాయువులు అక్కడ పేరుకుంటే ఆ మేర ట్యూబులు పనిచేయవు. షెల్లు ఒక పక్క వేడిగా, ఇంకో పక్క చల్లగా ఉందేమో టెంపరేచర్ గన్‌తో చూడండి. వెంటు పూర్తిగా మూసినా తప్పే, బార్లా తెరిచినా తప్పే. కొద్దిగా తెరిచి ఉంచాలి. కండెన్సేట్ (ఆవిరి చల్లబడి ఏర్పడిన నీరు) సరిగా దిగకపోతే కింది ట్యూబులు నీళ్లలో మునుగుతాయి. దాని సైట్ గ్లాసు కూడా చూడండి.

ఇవన్నీ బాగుంటే ఫీడు మారిందేమో అడగండి. చాలామంది చూడనిది ఇదే. ఉప్పు కరిగిన నీరు 100 డిగ్రీలకు మరగదు. సంతృప్త ఉప్పు ద్రావణం 108 దాటాక గానీ మరగదు. మీ మెట్ల ఎత్తు 50 డిగ్రీలు అనుకుందాం. పలుచటి ఫీడుకు ఎఫెక్టుకు ఒకటిన్నర చొప్పున 6 డిగ్రీలు పోయి 44 మిగులుతాయి. టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) బాగా పెరిగి సగటున 5 డిగ్రీల చొప్పున పోతే మిగిలేది 30. స్కేలు చుక్క లేకపోయినా రేటు మూడింట రెండు వంతులకు పడుతుంది. అలాంటప్పుడు చివరి ఎఫెక్టులో మరీ చిక్కబరచకుండా కాస్త ముందే, ఆరబెట్టి పొడి చేసే యంత్రమైన ఏటీఎఫ్‌డీకి పంపడం మేలు.

కండెన్సేట్‌కు సాల్వెంట్ వాసన, పెరిగిన సీఓడీ (నీటిలోని రసాయన కాలుష్యం కొలత), ఎఫెక్టుల్లో నురగ, ఊగిసలాడే వాక్యూమ్ కలిసి కనిపిస్తే తప్పు ఎంఈఈది కాదు, ముందుగా సాల్వెంట్ తీసేయాల్సిన స్ట్రిప్పర్‌ది. తేలికపాటి సాల్వెంట్ కండెన్సర్‌లో ద్రవంగా మారక వాక్యూమ్ పంపును తినేస్తుంది. స్ట్రిప్పర్ ఫీడు తగ్గించి, పైన ఉష్ణోగ్రత సరిచేయండి.

కడిగేటప్పుడు: ముందు నీళ్లు, తర్వాత 3–5 శాతం కాస్టిక్ సోడా 80–90 డిగ్రీల వద్ద కొన్ని గంటలు తిప్పడం, పీహెచ్ మామూలుకు వచ్చేదాకా నీళ్లు, ఆ తర్వాతే 5 శాతం లోపు సల్ఫామిక్ ఆమ్లం. హైడ్రోక్లోరిక్ వద్దు. క్లోరైడ్లు స్టెయిన్‌లెస్ స్టీలు ట్యూబులకు సూదిపోటు బొక్కలు పెడతాయి. సల్ఫైడు, సయనైడు, అజైడు ఉన్న స్ట్రీములు ఆ లైనులో వచ్చి ఉంటే ల్యాబు రాసిచ్చేదాకా ఆమ్లం పోయకండి. అక్కడ పుట్టే వాయువులు ప్రాణం తీస్తాయి. ఈ విషయంలో షిఫ్ట్ ఇన్‌చార్జి తొందరపెట్టినా ఆగండి.

ప్రశ్న: సొంత చెరకుతో బెల్లం వండుతాం. పిప్పి చాలక పుల్లలు కొంటున్నాం. పెనం మీద లేచే ఆవిరితో రెండో పెనం కాచుకోవచ్చా?
– రైతు, ఆమదాలవలస మండలం

జవాబు: ఆ ఆవిరితో రసం వేడెక్కించవచ్చు గానీ మరిగించలేరు. మీ రెండు పెనాలూ మూత లేనివి, రెండింటిలోనూ రసం 100 దాటాకే మరుగుతుంది. ఆవిరి అంతకన్నా వేడిగా లేదు, పైగా గాలి కలిసి చల్లబడుతుంది. మెట్టే లేదు. వాక్యూమ్ పెట్టడం మీ స్థాయికి ఖర్చు. పైగా బెల్లం గట్టిపడి, ఆ రంగూ రుచీ రావాలంటే చివర 118 డిగ్రీల దాకా పోవాల్సిందే.

మీ దగ్గర వృథా అయ్యే అసలు వేడి గొట్టంలో పోయే పొగది. మంట ముందు పెనం కింద పెట్టి, పొగ దారి రెండో పెనం అడుగు నుంచి తిరిగి గొట్టంలోకి పోయేలా పొయ్యి కట్టించండి. పచ్చి రసం వెనక పెనంలో పోయాలి. దాన్ని ముందు పెనం కన్నా ఎత్తులో కడితే రసం తోడక్కర్లేదు, గొట్టం తిప్పితే దిగుతుంది. 70–80 డిగ్రీలకు వచ్చేసరికి తెట్టు పైకి తేలుతుంది. సున్నపు తేట, బెండ కాడల జిగురు అక్కడే కలిపి తెట్టు తీసేయండి. సున్నం కొద్దికొద్దిగా, పీహెచ్ కాగితం చూస్తూ 6.2–6.4 దగ్గర ఆపండి. ఎక్కువైతే బెల్లం నల్లబడుతుంది. గొట్టానికి తిప్పుడు రేకు పెట్టి, మంట పట్టుకున్నాక సగం మూయండి. అక్కర్లేని గాలి వేడిని ఎత్తుకుపోతుంది. పిప్పి చేతిలో నలిపితే పెళుసుగా విరిగేంత ఎండాలి. తడి పిప్పి తన నీటిని ఇగర్చుకోవడానికే మంట తింటుంది. ఇక వెనక పెనాన్ని ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చేయకండి. అడుగున నాలుగు వేళ్ల లోతు రసం ఉంచి, అందులోనే తర్వాతి వాయి పోయండి. లేకపోతే పొగ వేడికి అడుగు మాడి, ఆ మాడు వాసన తర్వాతి వాయి బెల్లానికి పడుతుంది.