వియన్నా బాలల గాయకబృందాన్ని కచేరీలో వినాలా, చర్చిలో వినాలా?

నేను వియన్నాలో రెండేళ్లు ఉద్యోగం చేశాను, రెండు చోట్లా విన్నాను. ఒక్కసారికే వీలుంటే ఆదివారం ఉదయం హోఫ్‌బర్గ్ రాజప్రాసాదంలోని ప్రార్థనాలయానికి వెళ్లండి.

ఆ బృందం పుట్టిందే అక్కడి పాట కోసం. 1498లో మాక్సిమిలియన్ రాజు తన ఆస్థాన సంగీతంలోకి బాలురను తీసుకున్నాడు. 1918లో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం కూలడంతో ఆ పోషణ పోయింది. 1924లో ఫాదర్ యోసెఫ్ ష్నిట్ బృందాన్ని మళ్లీ నిలబెట్టారు. పిల్లల తిండికీ చదువుకూ డబ్బు కావాలి కదా, 1926 నుంచి బయట కచేరీలు మొదలుపెట్టారు. ఈనాడు లోకమంతా ఎరిగిన ఆ పర్యటనలు అలా అవసరం కొద్దీ వచ్చినవే. ఇప్పుడు సుమారు వందమంది పిల్లలు. బ్రూక్నర్, హైడన్, మోత్సార్ట్, షూబర్ట్ అనే సంగీతకర్తల పేర్లతో నాలుగు బృందాలు. ఒకటి దేశాలు తిరుగుతుంటే మరొకటి వియన్నాలో ఆదివారం పూజకు పాడుతుంది.

నేను వెళ్లిన రోజు పాడినది మోత్సార్ట్ స్వరపరిచిన పూజాసంగీతం. పాడేవాళ్లు కనిపించరు, వెనక పైఅంతస్తులో ఉంటారు. ఒక్క గొంతు, సన్నగా, ఏ వణుకూ లేకుండా తల మీదుగా సాగి బలిపీఠం దాకా వెళ్లింది. నా పక్కనున్న పెద్దావిడ కళ్లు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను. పూజ అయ్యాక పిల్లలు నావికుల దుస్తుల్లో కిందికి వచ్చి, ముందు నిలబడి ఇంకో పాట పాడారు. చివరి పిల్లవాడి ఒక మేజోడు మడమ దాకా జారిపోయి ఉంది. ఇంతసేపూ పైనుంచి వచ్చింది ఈ పసివాళ్ల గొంతా అని నాకు ఒళ్లు జలదరించింది.

ఆ గొంతు ఎంతో కాలం నిలవదు. పదమూడు, పద్నాలుగేళ్లకు మారిపోతుంది, పిల్లవాడు బయటికి రావలసిందే. షూబర్ట్ కూడా ఆ ఆస్థాన బృందంలో పాడినవాడే. గొంతు మారిన ఏడాది, 1812 జూలై 26న, తాను చివరిసారి కూశానని పాట కాగితం మీదే రాసుకున్నాడు. మా అబ్బాయికి పదకొండేళ్లు. అది చదివిన రాత్రి వాడు పక్క గదిలో కూనిరాగం తీస్తుంటే చాలాసేపు విన్నాను.

జూలై, ఆగస్టుల్లో వెళితే ఆదివారం పూజలో ఈ పిల్లలు పాడరు. మిగతా నెలల్లో టికెట్ ముందే తీసుకోండి. పిల్లల్ని చూస్తూ వినాలనుకుంటే, వాళ్లు ఉండే ఔగార్టెన్ భవనం పక్కనే 2012లో తెరిచిన మూట్ అనే సొంత సభాభవనం ఉంది.