ఎర్ర జుట్టు చెప్పేది ఆడో మగో మాత్రమే. జాతి తెలియాలంటే మెడ వెనుక చూడాలి

కోవూరులోని మీ పెరటి టెంకాయ చెట్టు మీదికి బంగారు వీపు వడ్రంగి పిట్టలు రెండు వస్తున్నాయనీ, ఒకదానికి నెత్తి అంతా ఎర్రగా ఉంటే రెండోదానికి నెత్తి ముందు భాగం నల్లగా, తెల్ల చుక్కలతో ఉందనీ, ఇవి రెండు జాతులా అనీ అడిగారు. మునగ చెట్టు మీద తిరిగే చిన్న చారల పిట్ట ఏదో కూడా చెప్పమన్నారు. మీ వర్ణనను బట్టి మొదటి రెండూ ఒకే జాతి, బ్లాక్-రంప్డ్ ఫ్లేమ్‌బ్యాక్. నెత్తి అంతా ఎర్రగా ఉన్నది మగది. ముందు చుక్కలుండి, వెనుక జుట్టు మాత్రమే ఎర్రగా ఉన్నది ఆడది.

ఇదే పొరపాటు నేను రెండేళ్ళు చేశాను. బుచ్చిరెడ్డిపాళెం దగ్గరి మా ఊళ్ళో కూర్చుని నోటు పుస్తకంలో 'ఎర్రతల', 'చుక్కలతల' అని రెండు పేర్లతో వేర్వేరు లెక్కలు రాసుకున్నాను. ఒక మార్చి నెలలో, గాలికి తల విరిగి మొండిగా నిలిచిన టెంకాయ మాను తొర్రలోంచి ఎర్రతల బయటికి రాగానే, అప్పటిదాకా పక్క చెట్టును కరుచుకుని ఎదురుచూస్తున్న చుక్కలతల వచ్చి అదే తొర్రలో దూరింది. టెంకాయలు దించడానికి వచ్చినతను నా ఆశ్చర్యం చూసి నవ్వి, "అవి ఆలుమగలయ్యా, వంతులేసుకుని పొదుగుతుండాయి" అన్నాడు. నా పుస్తకంలో లేని సంగతి అతనికి ఎప్పటినుంచో తెలుసు.

ఆ తర్వాత దీనికి సరిగ్గా ఎదురు తప్పు చేశాను. ఉదయగిరి వైపు కొండ దిగువన, పొదల మధ్య ఎండిన చెట్టు మీద నెత్తి పసుపుగా ఉన్న బంగారు వీపు పిట్ట కనబడితే, ఇదీ మన ఫ్లేమ్‌బ్యాక్ ఆడదేనని, ఎండకు రంగు అలా కనిపిస్తోందని సరిపెట్టుకున్నాను. అది మాను చుట్టూ తిరిగి నాకు వీపు చూపినప్పుడు, మెడ వెనుకనుంచి వీపు పైభాగం దాకా సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. అది వైట్-నేప్డ్ ఉడ్‌పెకర్. ఆ జాతిలో మగదానికి నెత్తి ఎరుపు, ఆడదానికి పసుపు. ఫ్లేమ్‌బ్యాక్‌కు మెడ వెనుక భాగం నలుపే.

అందువల్ల పిట్ట కనబడగానే కంటిని లాగే ఎర్ర జుట్టును కాసేపు పక్కన పెట్టి, అది వీపు తిప్పేదాకా ఓపిక పట్టండి. ముందువైపు మాత్రమే కనిపిస్తే గొంతు చూడండి. ఫ్లేమ్‌బ్యాక్ గొంతు నల్లగా ఉండి సన్నని తెల్ల చుక్కలు ఉంటాయి. వైట్-నేప్డ్ గొంతు తెల్లగా ఉండి నల్ల గీతలు దిగుతాయి. ముక్కు కూడా దానిదే పొడవు. కొలతను నమ్ముకోకండి: ఫ్లేమ్‌బ్యాక్ 26 నుంచి 29 సెంటీమీటర్లు, వైట్-నేప్డ్ సుమారు 29, ఎత్తైన చెట్టు మీద ఆ తేడా ఎవరికీ తెలియదు. నడుము మీది నలుపు కూడా ఈ రెంటినీ విడదీయదు, ఎందుకంటే పేరులో 'బ్లాక్-రంప్డ్' అని ఒక్కదానికే ఉన్నా నడుము రెంటికీ నలుపే. ఊళ్ళో పెరటి చెట్ల మీదికి వచ్చేది సాధారణంగా ఫ్లేమ్‌బ్యాకే. తెల్ల మెడ పిట్టను నేను పొడి అడవుల అంచులలో తప్ప ఇళ్ళ దగ్గర చూడలేదు.

ఇక మునగ చెట్టు మీది చిన్న పిట్ట. ఇక్కడ మాత్రం కొలత పనికొస్తుంది. పిచ్చుక కన్నా చిన్నగా, సుమారు 13 సెంటీమీటర్లు ఉండి, గోధుమరంగు నెత్తితో ఉంటే అది బ్రౌన్-క్యాప్డ్ పిగ్మీ ఉడ్‌పెకర్. పిచ్చుక కన్నా కాస్త పెద్దగా, 17, 18 సెంటీమీటర్లు ఉండి, నెత్తి పసుపుగా ఉంటే ఎల్లో-క్రౌన్డ్ ఉడ్‌పెకర్. దాని మగదానికి నుదురు పసుపు, వెనుకభాగం ఎరుపు. ఈ రెంటి మధ్య నాకు ఎక్కువగా అక్కరకొచ్చిన గుర్తు కడుపు మధ్యలో ఉండే ఎర్రని మరక. అది ఎల్లో-క్రౌన్డ్‌కే ఉంటుంది, పిగ్మీకి ఉండదు. మునగ కొమ్మ అడుగుభాగాన తలకిందులుగా పాకేటప్పుడు ఆ మరక బాగా కనబడుతుంది కాబట్టి, చెట్టు కిందికి వెళ్ళి నిలబడి పైకి చూడండి.