ప్రపంచ యాత్రకు ముందే తిరిగొచ్చిన రోజు లెక్క చూడండి

ప్రశ్న: నాకు 66 ఏళ్లు. రైల్వేలో పనిచేసి రిటైరయ్యాను. విజయవాడలో సొంత ఫ్లాట్ ఉంది. నెలకు 52,000 పెన్షన్ వస్తుంది, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగాన్ని ముందే ఒకేసారి తీసుకోవడం) తీసుకోలేదు. మా ఆవిడకు 62. ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేసింది, ఆమెకు పెన్షన్ లేదు. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో నా పేర 30 లక్షలు, ఆమె పేర 12 లక్షలు ఉన్నాయి. బ్యాంకు ఎఫ్‌డీలు 28 లక్షలు, మ్యూచువల్ ఫండ్స్ 22 లక్షలు, సేవింగ్స్ ఖాతాలో 4 లక్షలు. ఇంటి ఖర్చు నెలకు 45,000. గుంటూరు దగ్గర ఒక స్థలం ఉంది. అబ్బాయి డాలస్‌లో, అమ్మాయి మెల్‌బోర్న్‌లో ఉంటారు. వచ్చే జనవరిలో బయలుదేరి తొమ్మిది నెలల పాటు ప్రపంచం చుట్టి రావాలని మా ఇద్దరి కోరిక. ట్రావెల్ ఏజెంటు ఇద్దరికీ కలిపి 36 లక్షల ప్యాకేజీ చెప్పాడు. థాయ్‌లాండ్, వియత్నాంతో మొదలుపెట్టి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, అమెరికా, లండన్, యూరప్, టర్కీ, చివరికి ఈజిప్టు. స్థలం అమ్మి వెళ్దామా? ఈ వయసులో ఇంత డబ్బు తీయడం తెలివితక్కువ పని అని అబ్బాయి అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: నమస్కారం అండి. ఈ జవాబును దయచేసి మీరూ మీ శ్రీమతీ కలిసి చదవండి. ఎందుకంటే నేను వేసిన లెక్కలో సగానికి పైగా ఆమె గురించే.

ముందు సూటిగా చెప్తాను. వెళ్లండి. స్థలం అమ్మనక్కర్లేదు. ప్యాకేజీ తీసుకోవద్దు. ఖర్చు 36 లక్షలు కాకుండా 30 లక్షలకు కట్టుకోండి. దారిని మాత్రం తిరగేయాలి. ఎందుకో వివరంగా చెప్తాను.

యాత్రకు ఎంత అవుతుందన్న దగ్గర లెక్క మొదలుపెడితే ఏ అంకె అయినా భయపెడుతుంది, లేదా ఏ అంకె అయినా సరేననిపిస్తుంది. అందుకని నేను వెనక నుంచి మొదలుపెడతాను. అక్టోబరులో మీరు ఇంటి తాళం తీసిన రోజున మీ చేతిలో ఎంత ఉండాలి? అది తేలితే మిగిలినదంతా యాత్ర డబ్బే.

మీరిద్దరూ ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. 45,000 ఖర్చుకు 52,000 పెన్షన్ సరిపోతుంది, పైగా కరువు భత్యం పెరుగుతూ ఉంటుంది. నేను చూసేది మీ తర్వాత మీ శ్రీమతి ఒక్కరే ఉండాల్సి వస్తే ఏమిటని. ఈ మాట రాయడం నాకూ కష్టమే. కానీ ఆమె మీకంటే నాలుగేళ్లు చిన్న, సొంత పెన్షన్ లేదు. మీకు 67 దాటాక ఫ్యామిలీ పెన్షన్ సాధారణ రేటులో, అంటే చివరి బేసిక్ జీతంలో 30 శాతం చొప్పున లెక్కిస్తారు. మీ పెన్షన్ 50 శాతం మీద లెక్క కట్టింది. కాబట్టి ఇవాళ్టి 52,000 స్థానంలో ఆమెకు వచ్చేది సుమారు 31,000. సీనియర్ సిటిజన్స్ స్కీమ్‌లోని 42 లక్షల మీద 8.2 శాతం వడ్డీ అలాగే కొనసాగితే ఏడాదికి 3,44,400, నెలకు 28,700 వస్తుంది. రెండూ కలిపితే దాదాపు 60,000. ఇప్పటికి చాలు. కానీ ధరలు ఏడాదికి 6 శాతం పెరిగితే ఇవాళ్టి 45,000 ఖర్చు పన్నెండేళ్లకు 90,000 అవుతుంది. ఆ తేడాను పూడ్చాల్సింది ఆ 22 లక్షల మ్యూచువల్ ఫండ్సే.

కాబట్టి స్కీమ్‌లోని 42 లక్షలు, ఫండ్స్‌లోని 22 లక్షలు, మొత్తం 64 లక్షలను యాత్ర కోసం ముట్టుకోవద్దు. మీ స్కీమ్ ఖాతాలో ఆమె జాయింట్ హోల్డరుగానో, ఏకైక నామినీగానో ఉన్నారో లేదో ఈ వారమే పోస్టాఫీసుకో బ్యాంకుకో వెళ్లి చూసుకోండి. ఆమె పేర వేరే ఖాతా ఉంది కాబట్టి, మీ తర్వాత మీ ఖాతాను ఆమె గడువు వరకు కొనసాగించుకోగలరో లేదో కూడా అక్కడే అడగండి. ఖాతా గడువు యాత్ర మధ్యలో ముగుస్తుందేమో కూడా చూడండి. గడువు తీరాక పొడిగింపు కోరడానికి ఏడాది సమయం ఉంటుంది, కంగారు అక్కర్లేదు.

ఇక మిగిలింది ఎఫ్‌డీలు, సేవింగ్స్ కలిపి 32 లక్షలు. మీరు లేనప్పుడు కూడా పెన్షన్ పడుతూనే ఉంటుంది, తొమ్మిది నెలలకు 4,68,000. స్కీమ్ వడ్డీ ఏప్రిల్ 1న, జూలై 1న రెండు విడతలు కలిపి 1,72,200. ఖాళీ ఇంటికి మెయింటెనెన్స్, కరెంటు కనీస బిల్లు, పనిమనిషికి ఇచ్చేది అన్నీ నెలకు 8,000 చొప్పున 72,000 తీసేయండి. నికరంగా 5,68,200 చేతికొస్తుంది. 30 లక్షల ఖర్చులో ఇది పోను మీ నిధి నుంచి తీయాల్సింది 24.3 లక్షలు. తిరిగొచ్చిన రోజున మీకు 71.7 లక్షలు ఉంటాయి. అందులో ముట్టుకోకూడని 64 లక్షలు పోగా 7.7 లక్షలు ఆరోగ్యానికీ ఆపదకూ. రిటైరైన రైల్వే ఉద్యోగులకు ఉండే వైద్య పథకం మీ ఇద్దరికీ ఉంది కాబట్టి ఈ మొత్తం చాలంటున్నాను. అది లేని వాళ్లకైతే 27 లక్షలకు మించొద్దని చెప్పేవాణ్ని.

ఈ కాగితాన్ని మీ అబ్బాయికి పంపండి. అతని భయం అమ్మానాన్నలు రేపు ఇబ్బంది పడతారని. "మా ఇష్టం" అనే సమాధానం కంటే 71.7 లక్షల అంకె అతనికి ఎక్కువ ధైర్యం ఇస్తుంది.

ఇప్పుడు దారి సంగతి. ఇది వీసాల విషయంలా కనిపిస్తుంది కానీ నిజానికి డబ్బు విషయం. యూరప్‌కు షెంగెన్ వీసా అడుగుపెట్టే తేదీకి ఆరు నెలల ముందు కంటే తొందరగా అప్లై చేయడానికి వీల్లేదు. మామూలుగా మనం నివసించే చోటి నుంచే అప్లై చేయాలి. ఏజెంటు చెప్పిన వరుసలో మీరు యూరప్ చేరేది జూలైలో. అంటే దరఖాస్తు పెట్టగలిగేది జనవరిలో, మీరు పెట్టెలు సర్దుకుని బయలుదేరే వారంలో. వీసా రాకపోతే ముందే కట్టిన టికెట్లు, హోటళ్ల డబ్బు నీళ్లపాలు. ఇంత పెద్ద ప్యాకేజీ అమ్మేవాళ్లు ఈ ఒక్క సంగతి ముందే చెప్పకపోవడం నాకు చాలా బాధ కలిగించింది.

అదే దారిని పడమటి వైపు తిప్పండి. జనవరి 10 ప్రాంతంలో ఈజిప్టు. అక్కడ ఎండ బాధ లేని నెలల్లో అదొకటి. తర్వాత టర్కీ, మార్చి నెలాఖరుకు యూరప్. షెంగెన్ వీసాకు అక్టోబరులోనే హైదరాబాద్‌లో దరఖాస్తు పెట్టి, తిరస్కరిస్తే మళ్లీ ప్రయత్నించడానికి కూడా సమయం ఉంటుంది. వేసవి రద్దీ మొదలుకాక ముందే తిరుగుతారు కాబట్టి గదుల అద్దె కూడా తగ్గుతుంది. యూరప్ నుంచి నేరుగా డాలస్. అక్కడ అబ్బాయి దగ్గర పది వారాలు. తర్వాత న్యూజిలాండ్, మెల్‌బోర్న్‌లో అమ్మాయి దగ్గర ఆరు వారాలు, చివరికి వియత్నాం, థాయ్‌లాండ్ మీదుగా ఇల్లు. అమెరికా వీసా ఉన్న భారతీయులకు టర్కీ ఈ-వీసా దొరుకుతుంది. ఆస్ట్రేలియా, వియత్నాం వీసాలకు ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేసుకోవచ్చు. లండన్ మాత్రం ఈసారికి వదిలేయండి. బ్రిటన్ వీసాకు ప్రయాణానికి మూడు నెలల కంటే ముందు అప్లై చేయడానికి వీల్లేదు, మీ తేదీలకు అది కుదరదు. న్యూజిలాండ్‌లో అప్పటికి చలికాలం, అది కూడా వద్దనుకుంటే మీకు మంచి మొత్తమే మిగులుతుంది.

విమాన టికెట్లకు 'రౌండ్ ది వరల్డ్' టికెట్ ధర అడిగి చూడండి. స్టార్ అలయన్స్, వన్‌వరల్డ్ అనే విమాన సంస్థల కూటములు వీటిని అమ్ముతాయి. ఒకే దిశలో వెళ్లాలి, అట్లాంటిక్, పసిఫిక్ మహాసముద్రాలను ఒక్కొక్కసారి దాటాలి, బయలుదేరిన దేశానికే తిరిగి రావాలి, ఏడాదిలోపు పూర్తి చేయాలి. తూర్పా పడమరా అన్నది మీ ఇష్టం. ఎయిర్ ఇండియా, ఈజిప్ట్ ఎయిర్, టర్కిష్, లుఫ్తాన్సా, యునైటెడ్, ఎయిర్ న్యూజిలాండ్, థాయ్ అన్నీ స్టార్ అలయన్స్‌లోవే కాబట్టి పైన చెప్పిన దారికి ఇది బాగా అతుకుతుంది. దీని ధరనూ, విడివిడి టికెట్ల మొత్తాన్నీ పక్కపక్కన పెట్టి చూశాకే కొనండి. వీసా చేతికి రాకముందు డబ్బు వెనక్కి రాని టికెట్ ఏదీ కొనవద్దు.

నా అంచనాలో టికెట్లకు 7 లక్షలు, వీసాలు, బీమాకు 3.5 లక్షలు, బస, తిండి, తిరుగుడుకు 16 లక్షలు, చేతిలో ఉంచుకోవడానికి 3.5 లక్షలు. పిల్లల దగ్గర ఉండే పదహారు వారాలు తీసేస్తే బయట గడిపేవి దాదాపు 160 రోజులు. యూరప్, న్యూజిలాండ్ కలిపి 60 రోజులకు రోజుకు ఇద్దరికీ 16,000. ఈజిప్టు, టర్కీ, వియత్నాం, థాయ్‌లాండ్‌లలో 100 రోజులకు రోజుకు 6,400. యూరప్‌లో 16,000 అంటే పెద్ద హోటళ్లు రావు. వంటగది ఉన్న చిన్న అపార్ట్‌మెంట్లు వారాల లెక్కన తీసుకుని, పొద్దున, రాత్రి ఇంట్లో వండుకుంటే సరిపోతుంది. రూపాయి పడిపోతుందన్న టెన్షన్ మీకు ఉండే ఉంటుంది. అందుకే ఆ 3.5 లక్షలు. దాన్ని హోటల్ మెరుగు చేసుకోవడానికి వాడకండి.

బీమా దగ్గర పొదుపు చూడవద్దు. మన దేశంలో ఇచ్చే ట్రావెల్ పాలసీలు చాలావరకు ఒకేసారి 180 రోజులకే ఇస్తారు. మీకు అది జూలై మొదట్లో, అమెరికా వైపు ఉండగా అయిపోతుంది. పొడిగింపు ఇస్తారో లేదో, మధ్యలో క్లెయిమ్ చేసి ఉంటే ఏమవుతుందో కొనేముందే రాతపూర్వకంగా అడగండి. అమెరికాలో ఉన్న పది వారాలకు అక్కడి కంపెనీ విజిటర్ ప్లాన్ విడిగా తీసుకోండి, అబ్బాయి అక్కడి నుంచే కొనగలడు. షెంగెన్‌కు కనీసం 30,000 యూరోల వైద్య కవరేజీ తప్పనిసరి. మీకు షుగరో బీపీయో ఉంటే దరఖాస్తులో దాచకండి. ముందే ఉన్న జబ్బులకు చాలా పాలసీలు ప్రాణాపాయం వచ్చినప్పుడే డబ్బిస్తాయి. ఆ వాక్యాన్ని ఇద్దరూ కూర్చుని చదవండి.

పన్నుల గురించి క్లుప్తంగా. విదేశీ ఖర్చుకు ఫారెక్స్ కార్డులో వేసుకునే డబ్బు మీద, ఒక్కొక్కరికి ఆర్థిక సంవత్సరానికి 10 లక్షలు దాటితే పైమొత్తానికి 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే ఆదాయపు పన్ను) పట్టుకుంటారు. మీరు ఇద్దరు, మీ యాత్ర మార్చి 31కి అటూ ఇటూ ఉంది. ఎవరి పాన్ మీద వాళ్లు, మార్చి లోపు కొంత, ఏప్రిల్ తర్వాత కొంత వేసుకుంటే ఆ పరిమితి దగ్గరకు కూడా వెళ్లరు. ప్యాకేజీ అయితే మొదటి రూపాయి నుంచే టీసీఎస్ ఉంటుంది. పట్టుకున్నా అది పోయే డబ్బు కాదు, రిటర్న్‌లో సర్దుబాటో వాపసో అవుతుంది, కానీ యాత్ర మధ్యలో మీ చేతిలో ఉండదు. ఎన్‌ఆర్‌ఐలం అయిపోతామా అని చాలామంది అడుగుతారు. మీ తేదీల ప్రకారం రెండు ఆర్థిక సంవత్సరాల్లోనూ మీరు రెసిడెంట్లే. ఖాతాలు మార్చనక్కర్లేదు.

మామూలు క్రెడిట్ కార్డుతో విదేశాల్లో కడితే 3.5 శాతం వరకు మార్కప్ (బ్యాంకు వేసే అదనపు రుసుము), దాని మీద 18 శాతం జీఎస్టీ. 10 లక్షలు అలా కడితే 41,300 ఊరికే పోయినట్టే. ఫారెక్స్ కార్డు, మార్కప్ లేని కార్డు ఒక్కొక్కటి ఇద్దరి పేరా వేర్వేరుగా తీసుకుని, వేర్వేరు సంచుల్లో పెట్టుకోండి. షాపువాళ్లు రూపాయల్లో కడతారా అంటే వద్దని, ఆ దేశపు కరెన్సీలోనే అనండి.

ఫోన్ల సంగతి అనుభవం మీద చెప్తున్నాను. కొన్నేళ్ల కిందట ఒక విదేశీ ప్రయాణంలో నా కార్డు ఆదివారం పూట బ్లాక్ అయింది. రోమింగ్ పెట్టించుకోకుండా వెళ్లాను కాబట్టి ఓటీపీ రాలేదు. జేబులో ఉన్న కాస్త డబ్బుతో నేనూ నా భార్యా రోజంతా గడిపాం. ఆ రోజు ఆమె ముఖం నాకింకా గుర్తుంది. బ్యాంకుకూ ఆధార్‌కూ ఇచ్చిన నంబర్లకు వెళ్లేముందే రోమింగ్ పెట్టించి, తొమ్మిది నెలలూ రీచార్జ్ ఆగకుండా చూసుకోండి. జూలై 31 లోపు రిటర్న్ వేసేది మీరు విదేశంలో ఉన్నప్పుడే, దానికీ ఓటీపీ కావాలి.

స్థలం ఎందుకు వద్దన్నానంటే, తేదీ పెట్టుకుని అమ్మేవాడికి సరైన ధర రాదు. మీకు ఆ డబ్బు అవసరం కూడా లేదు. ఎవరైనా బంధువును నెలకోసారి వెళ్లి ఫొటో తీసి పంపమనండి, వచ్చాక ఈసీ (స్థలం మీద లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి. ఇంటికి బీమా ఉంటే ఇల్లు ఖాళీగా ఉంటుందని కంపెనీకి రాసి ఇవ్వండి. నెల దాటి ఖాళీగా ఉన్న ఇంట్లో దొంగతనం జరిగితే క్లెయిమ్ ఇవ్వని పాలసీలున్నాయి. ఇద్దరూ వీలునామా రాసుకుని వెళ్లండి, ఎక్కడుందో పిల్లలిద్దరికీ చెప్పండి.

ఈ నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి బయలుదేరుతున్నారు, అక్టోబరులో వచ్చేస్తారు కాబట్టి పెన్షన్ ఆగదు. రావడం ఆలస్యమైతే ఆన్‌లైన్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే జీవన్ ప్రమాణ్ ఉంది, లేదా అక్కడి భారత రాయబార కార్యాలయంలో సంతకం చేయించవచ్చు. అక్టోబరు 1న పడే స్కీమ్ వడ్డీ 86,100ను నేను కావాలనే యాత్ర లెక్కలో కలపలేదు. ఇల్లు దులపడం, సరుకులు, ఆగిపోయిన బిల్లులు, ఇద్దరికీ ఒకసారి పూర్తి వైద్య పరీక్షలు అన్నీ దాంట్లోంచి చేసుకోండి.